నల్లమల బురద: కంభం షేల్ గురించి కొన్ని మాటలు

మాస్టారు జీవితమంతా జియాలజీ చెప్పారు కాబట్టి ఆయన పేరిట జరిగే ఉపన్యాసం రాళ్ల గురించే ఉండాలని నిర్వాహకులు కోరారు. ఏ రాయి అన్నది మాత్రం నాకే వదిలేశారు. కడప బేసిన్ గురించి మాట్లాడేవాడికి ఊరించే విషయాలకు కొదవ లేదు. బనగానపల్లె వజ్రాలున్నాయి, బెలుం గుహలున్నాయి, గండికోట లోయ ఉంది, తుమ్మలపల్లె యురేనియం ఉంది. వాటన్నిటినీ పక్కనపెట్టి నేను షేల్‌ని ఎంచుకున్నాను. షేల్ అంటే గట్టిపడిన బురద, అంతే. అందులోనూ కంభం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో నల్లమల వరసల మధ్య పరుచుకుని ఉన్న బురద. ఈ బేసిన్‌లో గడిచిన కాలంలో ఎక్కువ పాలు ఈ బురదలోనే ఉందని నా నమ్మకం. ఇక్కడి మనుషుల బతుకులో కూడా దీని వాటా మనం అనుకునే దానికంటే పెద్దది. ఈ గంటలో చెప్పబోయేది అదే.

ముందు బేసిన్ సంగతి. దక్షిణాన తిరుపతి కొండల నుంచి ఉత్తరాన కృష్ణ దాటి జగ్గయ్యపేట వైపు దాకా సుమారు 440 కిలోమీటర్ల పొడవున, వెడల్పున్న చోట 145 కిలోమీటర్లతో, నెలవంక ఆకారంలో పరుచుకున్న పల్లం అది. విస్తీర్ణం దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు. పల్లం అని ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు అక్కడ నేల కుంగింది, నీళ్లు చేరాయి, కోట్ల ఏళ్ల పాటు మట్టి, ఇసుక, సున్నం పేరుకున్నాయి. ఈ పూడిక తూర్పు వైపు ఎంత లోతుందో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970లలో కావలి నుంచి ఉడుపి దాకా నేలలో పేలుళ్లు జరిపి, వాటి కంపనాలు తిరిగొచ్చే తీరుని బట్టి అంచనా కట్టింది. దేశంలో అలాంటి లోతైన సర్వేల్లో అదే మొదటిది. తూర్పు అంచుకి దగ్గర్లో పూడిక 10 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుందని తేలింది.

ఈ రాళ్లను మొదటిసారి ఒక క్రమంలో పెట్టినవాడు విలియం కింగ్. భారత భూగర్భ సర్వే సంస్థ తరఫున ఈ కొండలన్నీ తిరిగి, 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయనకంటే ముందు 1840లలో న్యూబోల్డ్ ఈ ప్రాంతం గురించి రాశాడు గానీ, పొరల్ని వరసలో పేర్చి పేర్లు పెట్టింది మాత్రం కింగే. పాపాఘ్ని, చేయేరు, నల్లమల, కృష్ణ అని నాలుగు సముదాయాలుగా విడగొట్టాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు వాటిని కలిపారు, విడదీశారు, కొన్నిటిని పైకి కిందికి జరిపారు. చేయేరు పోయి చిత్రావతి వచ్చింది. కానీ ఊళ్ల పేర్లతో ఆయన పెట్టిన పొరల పేర్లు మాత్రం నూటయాభై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

ఆ పేర్ల జాబితాను ఒకసారి మ్యాపు పక్కన పెట్టుకుని చూడండి. క్వార్ట్జైట్ పొరలకు, అంటే ఇసుక గట్టిపడి ఉక్కులా మారిన పొరలకు, ఎక్కువగా కొండల పేర్లూ కోటల పేర్లూ దక్కాయి: నగరి, బైరెన్‌కొండ, శ్రీశైలం, గండికోట. షేల్ పొరలకు వచ్చినవి పల్లపు ఊళ్ల పేర్లు: తాడిపత్రి, పుల్లంపేట, కంభం, నంద్యాల, అవుకు. పులివెందుల, పాణ్యం లాంటి మినహాయింపులు లేకపోలేదు. అయినా ఈ తేడా కాకతాళీయం కాదు. క్వార్ట్జైట్ వానకూ ఎండకూ లొంగదు కాబట్టి గట్లుగా నిలబడింది, వాటి మీద కోటలూ గుళ్లూ వెలిశాయి. షేల్ అరిగిపోయి లోయలైంది. ఆ లోయల్లో మట్టి నిలిచింది, చెరువులు పడ్డాయి, సంతలు కూడాయి, గుంటూరు నుంచి నంద్యాలకు రైలుకట్ట దారి వెతుక్కుంది. నల్లమల బొమ్మ తీయమంటే అందరూ గట్ల బొమ్మే తీస్తారు. మనుషులు కాపురముంటున్నది మాత్రం గట్ల మధ్య.

మందం లెక్కలు చూస్తే ఈ అన్యాయం ఇంకా బాగా తెలుస్తుంది. పులివెందుల క్వార్ట్జైట్ అధికపక్షం 75 మీటర్లు. దాని మీద కూర్చున్న తాడిపత్రి పొరల మందం, షేల్ ప్రధానంగా, సుమారు 4,600 మీటర్లని అంచనా. నల్లమల సముదాయంలో కంభం పొరలే 2,000 మీటర్లకు అటూఇటూ ఉంటాయి. మీటర్ల లెక్క కూడా షేల్‌కి న్యాయం చెయ్యదు. తడి బురదలో సగం కంటే ఎక్కువ నీళ్లే. పైన బరువు పడేకొద్దీ ఆ నీళ్లు పిండుకుపోయి పొర మొదటి మందంలో ఓ చిన్న పాలుకి కుంచించుకుపోతుంది. ఇసుక అంతగా కుంగదు. అందువల్ల ఈరోజు పక్కపక్కన కనిపిస్తున్న ఒక మీటరు ఇసుకరాయీ ఒక మీటరు షేలూ పుట్టినప్పుడు సమానం కావు.

ఆ బురద ఎలా పడింది? పాఠ్యపుస్తకం చెప్పేది సులువైన కథ. నది మోసుకొచ్చిన మట్టిలో ఇసుక ఒడ్డునే దిగిపోతుంది. సన్నటి రేణువులు లోపలికి పోయి, కదలని నీళ్లలో మెల్లగా అడుక్కి చేరతాయి. ఎంత మెల్లగా అంటే, మిల్లీమీటరులో ఐదువందలో వంతు ఉండే ఒంటరి రేణువు నిశ్చలమైన నీటిలో 100 మీటర్లు దిగడానికి పది నెలల పైనే పడుతుంది. సముద్రపు ఉప్పునీటిలో ఈ రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి కాబట్టి నిజానికి అంతకాలం పట్టదు. అయినా షేల్ అనగానే నిశ్చలత్వం అన్న అభిప్రాయం ఒక శతాబ్దం పాటు ఎవరూ ప్రశ్నించకుండానే నడిచింది.

2007లో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన యూర్గెన్ షీబర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. నీళ్లు గుండ్రంగా తిరుగుతూ ఉండే తొట్టె కట్టి, అందులో బంకమట్టి కలిపి చూశారు. ఇసుకను మోసుకుపోగలిగినంత వేగంతో నీళ్లు పారుతున్నా బురద ముద్దలు కట్టి, అడుగున చిన్న చిన్న అలల ఆకారంలో కదులుతూ పొరలు వేసింది. ఆ అలలు తర్వాత అణిగిపోతే మిగిలేది చదునైన సన్నటి గీతలే. వాటిని చూసినవాడు నిశ్చలమైన నీళ్లనే అనుకుంటాడు. ఈ ఫలితం వచ్చాక ప్రపంచంలో షేల్ మీద రాసినవన్నీ మళ్లీ చదవాల్సి వచ్చింది. మన కంభం షేల్‌ని కూడా ఆ కళ్లతో మళ్లీ చూడాలి. గీతలు చదునుగా ఉన్నాయని లోతైన ప్రశాంత సముద్రం అని రాసేయడం ఇక కుదరదు. మధ్యమధ్య ఇసుక రేకలున్నాయా, గీతలు ఏటవాలుగా ఒకదాని కింద ఒకటి తెగుతున్నాయా అన్నది భూతద్దం పెట్టి చూడాలి. ఇది ఎండలో నిలబడి చేసే పని, ఓపిక కావాలి. విద్యార్థులకు చెబుతున్నాను: వజ్రాల మీద థీసిస్ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇక్కడ మాత్రం చోటు ఖాళీగా ఉంది.

ఈ గీతలు మన దాకా చెదరకుండా రావడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పటి చెరువు అడుగున వానపాములు, నత్తలు, పీతలు బురదని నిరంతరం కలియబెడుతూనే ఉంటాయి. సముద్రపు అడుగునా అంతే. ఈ ఏడాది పడిన పొరకూ నిరుడు పడిన పొరకూ మధ్య గీత మిగలదు. కంభం బురద పడినప్పుడు పురుగే లేదు. జంతువులు పుట్టడానికి ఇంకా దాదాపు వంద కోట్ల ఏళ్లు ఉంది. ఉన్నవి కంటికి కనబడని బ్యాక్టీరియా, నీలి ఆకుపచ్చ నాచు, ఆ కోవకు చెందిన ఏకకణ జీవులు. పాపాఘ్ని సముదాయంలోని వేంపల్లె సున్నపురాళ్లలో ఆ నాచు కట్టిన గుమ్మటాలు, స్ట్రొమటోలైట్లు, ఇప్పటికీ చక్కగా కనిపిస్తాయి. బురదని కెలికేవాళ్లు లేరు కాబట్టి ఒక వెంట్రుక మందం పొర కూడా పడినట్టే ఉండిపోయింది.

భూమి చరిత్రలో 180 కోట్ల ఏళ్ల నుంచి 80 కోట్ల ఏళ్ల దాకా ఉన్న కాలానికి శాస్త్రవేత్తలు విసుగు పుట్టించే వంద కోట్లు అని ముద్దుపేరు పెట్టారు. వాతావరణంలో ఆక్సిజన్ తక్కువ, జీవంలో పెద్ద మలుపులు కనబడవు, అంతకు ముందూ ఆ తర్వాతా వచ్చిన మహా హిమయుగాల లాంటివి ఈ మధ్యలో లేవు. కంభం షేల్ ఆ విసుగు కాలానికి చెందినదే. నాకైతే ఈ ముద్దుపేరు మీద ఫిర్యాదు ఉంది. సంఘటనలు లేని చోట చూడటానికేమీ లేదనుకోవడం దినపత్రిక చదివేవాడి అలవాటు. షేల్ రంగులే చూడండి. ఊదా రంగు షేల్‌లో ఇనుము తుప్పుపట్టిన స్థితిలో ఉంటుంది, అంటే బురద గాలి తగిలే నీళ్లలో ఉందన్న మాట. ఆకుపచ్చ పొరలో ఆ ఇనుముకు ఆక్సిజన్ అందలేదు. నల్లటి పొరలో కుళ్లిపోకుండా మిగిలిన కర్బనం ఉంది, దాని మధ్య బంగారంలా మెరిసే పైరైట్ రవ్వలున్నాయి. ఆక్సిజన్ బొత్తిగా లేని చోట, గంధకాన్ని వాడుకుని బతికే బ్యాక్టీరియా చేసే పని అది. ఒక గని గోడ మీద ఊదా, ఆకుపచ్చ, నలుపు మారుతూ పోతుంటే ఆ సముద్రం శ్వాస ఎలా మారిందో కంటికి కనిపిస్తున్నట్టే.

ఇక వయసు. షేల్ దగ్గర చిక్కు ఇక్కడే వస్తుంది. అగ్నిశిల అయితే అది చల్లారిన రోజు నుంచి గడియారం మొదలవుతుంది. బురద అలా కాదు. అందులోని ప్రతి రేణువూ ఇంకేదో పాత రాయి అరిగితే వచ్చింది. రేణువు వయసు చూస్తే ఆ పాత రాయి వయసు వస్తుంది తప్ప బురద పడిన రోజు తెలియదు. అందుకే చుట్టుపక్కల సాక్షుల్ని పట్టుకోవాలి.

తాడిపత్రి పొరల దగ్గర ఇది కొంత తేలిక. షేల్ మధ్యలో అగ్నిపర్వతపు బూడిద పడి గట్టిపడిన పొరలున్నాయి. బూడిదతో పాటు రాలిన జిర్కాన్ స్ఫటికాలు ఆ పేలుడు నాటివే కాబట్టి వాటి యురేనియం, సీసం నిష్పత్తి కొలిస్తే చాలు. 186 కోట్ల ఏళ్లని వచ్చింది. అంతకు కింద, పులివెందుల దగ్గర పొరల మధ్యకు చొరబడి గట్టిపడిన నల్లరాతి పలక ఒకటుంది. దాని వయసు 188 కోట్ల 50 లక్షల ఏళ్లు. ఆ పలక చొచ్చుకెళ్లిన పొరలు సహజంగానే అంతకంటే పాతవి.

నల్లమల సముదాయంలో అంత హాయి లేదు. అక్కడ రెండు వైపుల నుంచి బిగించుకుంటూ రావాలి. అడుగు హద్దు చెప్పేవి ఆ పొరల్లో ఏరుకున్న జిర్కాన్ రవ్వలు. ఎక్కడెక్కడి రాళ్ల నుంచో కొట్టుకొచ్చిన ఆ రవ్వల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు సుమారు 166 కోట్ల ఏళ్లు. రవ్వ పుట్టకముందే అది బురదలో చేరడం సాధ్యం కాదు కాబట్టి ఆ బురద అంతకంటే పాతది కాదు. పై హద్దు చెప్పే సాక్షి చెలమ దగ్గర ఉంది. నంద్యాల రైలు నల్లమలలో నుంచి దిగేటప్పుడు గాజులపల్లెకు ముందు వచ్చే స్టేషన్ అది. ఆ చుట్టుపక్కల కంభం షేల్‌ని నిలువునా చీల్చుకుంటూ, భూగర్భంలో చాలా లోతు నుంచి వచ్చిన లాంప్రొయిట్ అనే అరుదైన రాతి గోడలున్నాయి. వజ్రాలు మోసే జాతి రాయి అది. వాటి వయసు 140 కోట్ల ఏళ్ల దాపున వచ్చింది. చీల్చబడ్డది చీల్చినదానికంటే ముందే ఉండాలి. అంటే మన కంభం షేల్ 166 కోట్లకూ 140 కోట్లకూ మధ్య ఎప్పుడో పడింది. మరో కొలతను కూడా నమ్మేవాళ్లు పై హద్దుని ఇంకా వెనక్కి, 159 కోట్ల దగ్గరికి జరుపుతారు. తూర్పున వినుకొండ గ్రానైట్ వయసు ఆధారంగా చెప్పే మాట అది.

కింగ్ కాలంలో ఇవేమీ లేవు. ఆయన దగ్గర సుత్తి, దిక్సూచి, గుర్రం ఉన్నాయి. ఏది పైన ఏది కింద అన్నది చూసి వరస రాశాడు. చాలావరకు అది నిలిచింది. ఒక్క చోట మాత్రం పైన ఉన్నది చిన్నది, కింద ఉన్నది పెద్దది అన్న సూత్రమే మోసం చేసింది. నల్లమల పడమటి అంచున, రుద్రవరం, మైదుకూరు వైపు, పాత నల్లమల షేల్ వచ్చి వయసులో చిన్నదైన కర్నూలు సముదాయపు రాళ్ల మీద కూర్చుంది. తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి మొత్తం నల్లమల పడమటికి జరిగి, ముడతలు పడి, కొన్ని చోట్ల పొరుగు పొరల మీదకి ఎక్కేసింది. అందుకే పడమట తాడిపత్రి వైపు పోతే పొరలు దాదాపు బల్లపరుపుగా కనిపిస్తాయి. తూర్పున గిద్దలూరు వైపు పోతే నిలువుగా, వంకరగా, కొన్నిచోట్ల తలకిందులుగా ఉంటాయి.

ఆ ఒత్తిడే షేల్‌ని పలకరాయిగా మార్చింది. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ హాల్లో యాభై దాటినవాళ్లందరూ అక్షరాలు దిద్దింది ఆ రాయి మీదే అయివుంటుంది.

షేల్ చీలే తీరు వేరు, పలకరాయి చీలే తీరు వేరు. షేల్ పడిన పొరల వెంట చీలుతుంది, అదీ పెళుసుగా, పెచ్చులు పెచ్చులుగా. పలకరాయి ఒత్తిడి నిర్ణయించిన దిక్కున చీలుతుంది. బంకమట్టి ఖనిజాలు వేడికీ నొక్కుడికీ మైకా, క్లోరైట్ రేకులుగా మారతాయి. ఎటు పడితే అటు చెదిరి ఉన్న తమలపాకుల్ని రెండు అరచేతుల మధ్య నొక్కితే కట్టలా ఒకే వైపు నిలబడినట్టు, ఆ రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా వరసకట్టి నిలబడతాయి. తర్వాత ఉలి పెట్టి తడితే ఆ వరస వెంటే పలచగా ఊడివస్తుంది. ఈ సంగతిని సూక్ష్మదర్శినితో తేల్చినవాడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌కి చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ. రాయిని వెలుతురు దూరేంత పలచగా అరగదీసి చూడటం ఆయనతోనే మొదలైంది. 1853లో ఆయన పలకరాయి మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. పెద్దమనుషులు కొండల్ని సూక్ష్మదర్శినితో చూడటమేమిటని ఆ రోజుల్లో నవ్వారట. ఆ నవ్వినవాళ్లెవరో తర్వాత ఎవరికీ గుర్తులేదు.

మార్కాపురం గనుల్లో ఈ రెండు దిక్కులూ ఒకే రాతి ముక్క మీద చూడవచ్చు. పలక ముఖాన్ని నీళ్లతో తడిపితే, దాన్ని వాలుగా దాటుకుంటూ పోయే సన్నటి రంగు చారలు కొన్నిటిలో తేలతాయి. ఆ చారలు బురద పడిన రోజులవి. చీలిన ముఖం ఎన్నో కోట్ల ఏళ్ల తర్వాత కొండలు ముడుచుకున్న రోజులది. పిల్లలు అ ఆ లు దిద్దిన ఉపరితలం రెండోది.

పనివాళ్లకు ఈ సిద్ధాంతాలేవీ అక్కర్లేదు. గనిలోంచి తీసిన దిమ్మ ఎండకముందే చీల్చాలని, తడి ఆరితే మొరాయిస్తుందని వాళ్లకు తెలుసు. ఎటు తడితే విచ్చుకుంటుందో చేతికి తెలుసు. పలకకు చెక్క చట్రం బిగించి, గీతలు గీసి, లారీలకెత్తి దేశమంతటికీ పంపారు. బలపం కూడా ఇదే బేసిన్‌ది కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. బేతంచెర్ల, ముద్దవరం ప్రాంతంలో వేంపల్లె రాళ్లలోకి నల్లరాయి కరిగి చొరబడిన చోట, ఆ వేడికి సున్నపురాయి మారి మెత్తటి బలపపు రాయి అయింది. అంటే ఒక తెలుగు పిల్లవాడి చేతిలో పలకా బలపమూ ఉన్నప్పుడు, వందల కోట్ల ఏళ్ల కిందటి రెండు వేర్వేరు ఘట్టాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటున్నాయన్న మాట.

ఇప్పుడు నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాయి. మార్కాపురం రాయి గోడలకు అంటించే పలకలుగా, తోటల్లో పరిచే బండలుగా ఎగుమతి అవుతోంది. ఆ వ్యాపారం సంగతి నాకంటే మీలో చాలామందికి బాగా తెలుసు. ఒక్కటి మాత్రం జియాలజీ మనిషిగా చెప్పి తీరాలి. పలకరాయి ఎంత మెత్తగా కనిపించినా అందులో క్వార్ట్జ్ ఉంది. కోత మిషను కింద అది కంటికి కనబడని ధూళి అవుతుంది, ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో ఈ జాతి రాయినే బలపాలుగా కోసిన కార్మికుల్లో సిలికోసిస్ ఎంత తీవ్రంగా ఉందో అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధనల్లో నమోదైంది. కోసేటప్పుడు నీళ్లు చల్లడం, ధూళిని పీల్చే యంత్రం పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. రాయి వయసు చెప్పి చప్పట్లు కొట్టించుకుని, దాన్ని కోసేవాడి వయసు మాట ఎత్తకుండా పోవడం నాకు సబబుగా తోచదు.

కంభం పొరలే దక్షిణాన పుల్లంపేట పొరలు. పేరు మారింది, రాయి అదే. అక్కడ, ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో, నల్లటి షేల్, బూడిదపొరల మధ్య ముగ్గురాయి నిక్షేపం ఉంది. బెరైటీస్ అని మార్కెట్‌లో అంటారు. 7 కోట్ల 40 లక్షల టన్నుల నిల్వగా సర్వే సంస్థ లెక్కగట్టిన ఈ గని ప్రపంచంలోనే ఒక్కచోట ఉన్న అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. కింద బూడిద రంగు రవ్వల పొర, దాని పైన గోళీల్లాంటి గుండ్లతో నిండిన పొర. నీటికంటే నాలుగు రెట్లు పైగా బరువు ఉండటం దీని గొప్ప. చమురు బావి తవ్వేటప్పుడు లోపల్నుంచి గ్యాసు ఎగదన్నకుండా, బావిలో పోసే బురదలో దీని పొడి కలిపి బరువెక్కిస్తారు. అంటే ముగ్గురాయిని మళ్లీ బురదలోకే పంపుతున్నారు.

ఇంత బేరియం ఒక్కచోట ఎలా చేరిందన్నదాని మీద వాదం తెగలేదు. పైన గుండ్ల పొర చూసి, చుట్టూ బూడిద పొరలు చూసి, అగ్నిపర్వతపు పనే అన్నవాళ్లున్నారు. సముద్రంలో జీవపదార్థం ఎక్కువగా పెరిగి కుళ్లిన చోట్ల, సముద్రపు నీటిలోని సల్ఫేటుతో బేరియం కలిసి అడుక్కి దిగిందని వాదించేవాళ్లున్నారు. నాకు రెండో వాదం వైపు కొంచెం మొగ్గు ఉంది. అగ్నిపర్వతం లేదని కాదు. ఆ నల్లటి షేల్‌లోని కర్బనాన్ని పట్టించుకోకుండా అక్కడి ముగ్గురాయి కథ చెప్పడం కుదరదని నా అభిప్రాయం. షేల్‌ని గనిలో అడ్డొచ్చే చెత్తగా పక్కన పోసి, ఖనిజాన్ని మాత్రం ప్రయోగశాలకు పంపినంతకాలం ఈ తగువు తీరదు.

నీళ్ల సంగతికి వస్తాను. షేల్ అరిగి లోయ కావడం, క్వార్ట్జైట్ నిలబడి గట్టు కావడం అని ఇందాక అన్నాను. గట్టుని ఏదో ఒక వాగు ఎక్కడో ఒక చోట కోసుకుని బయటికి పోవాలి. అక్కడ కనుమ ఏర్పడుతుంది. ఆ ఇరుకు మూసేస్తే వెనకాల లోయంతా చెరువే. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కంభం చెరువు కట్టినవాళ్లు చేసింది సరిగ్గా ఇదే. రెండు కొండల మధ్య కట్ట చిన్నది, దాని వెనక నీళ్లు విశాలం. అంతకు ముందే, 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనంలో చెరువుకు కావలసిన పన్నెండు లక్షణాలు ఏకరువు పెట్టారు. కట్టడానికి కొండల దన్ను ఉండాలన్న అవగాహన అందులో స్పష్టంగా ఉంది. 2020లో ఈ రెండు చెరువులూ ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తింపు పొందాయి. గుర్తింపు రాజులకూ ఇంజనీర్లకూ దక్కాల్సిందే, కాదనను. అయితే లోయను ముందే తవ్విపెట్టింది వాన, తవ్వనిచ్చింది షేల్.

వెలిగొండ ప్రాజెక్టు కూడా అదే సూత్రం మీద నడుస్తోంది. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందుల్ని మూడు కట్టలతో మూసి నల్లమల సాగర్ అన్న జలాశయం చేశారు. అందులోకి శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లు తేవడానికి నల్లమల కింద ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తొలిచారు. గట్లను కొలిచి సొరంగం తవ్వేవాళ్లకు అసలు పరీక్ష వాటి మధ్య ఉండే బలహీనమైన పొరలే. ఏకరీతి రాయిలో యంత్రం నడపడం ఒక ఎత్తు, గట్టి క్వార్ట్జైట్‌లోంచి ఒక్కసారిగా పెచ్చులూడే షేల్‌లోకి, అందులోంచి మళ్లీ గట్టిదానిలోకి నడపడం ఒక ఎత్తు. శ్రీశైలం ఆనకట్ట పునాదుల్లోనూ క్వార్ట్జైట్ మధ్య దూరిన షేల్ పొరలే ఇంజనీర్లను ఎక్కువగా శ్రమపెట్టాయి. తడి తగిలితే షేల్ మెత్తబడుతుంది, ఆరితే పగులుతుంది, మళ్లీ తడిస్తే పొడి అవుతుంది. పడినప్పుడు బురద కదా, అవకాశం దొరికితే మళ్లీ బురద కావాలనే చూస్తుంది.

చివరిగా ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడతాను. భూగర్భ సర్వే సంస్థ దేశంలో కొన్ని చోట్లను జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించింది. మన వైపు తిరుమల ఘాట్‌రోడ్డులో, పాత గ్రానైట్ మీద నగరి క్వార్ట్జైట్ కూర్చున్న చోట దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం కనిపించే గోడ అందులో ఉంది. శిలాతోరణం ఉంది. మంగంపేట ముగ్గురాయి పొర కూడా ఉంది. మార్కాపురం పలకల గని గోడ మాత్రం లేదు. ఆ ప్రాంతంలో పని ఆగిపోయిన పాత గనులు చాలానే ఉన్నాయి. కొన్నిట్లో నీళ్లు నిలిచాయి, కొన్నిట్లో చెత్త పోస్తున్నారు. వాటిలో మంచి గోడ ఒకటి ఎంచాలి. చారలూ చీలికా రెండూ స్పష్టంగా కనబడేది, ఉదయపు వెలుతురు ఏటవాలుగా పడేది అయితే మేలు. కంచె వేయించి, తెలుగులో ఒక బోర్డు పెట్టించాలి. స్థలం పంచాయతీదా గనుల శాఖదా అన్నది ముందు తేల్చుకోవాలి. దరఖాస్తు రాసే పని నేను చేస్తాను. గోడ ఎంచే పనికి విద్యార్థులు కావాలి, సుత్తులు వద్దు, నీళ్ల సీసా, భూతద్దం, చీలికల కోణం కొలిచే క్లైనోమీటర్ తెచ్చుకుంటే సరిపోతుంది. వానాకాలం వెళ్లాక మొదలుపెడదాం, అప్పటికి గోడలు కడిగి ఉంటాయి.